అర్ధశక్తితో పరుగు: స్థూలకాయులు జాగింగ్ మొదలుపెట్టే విధానం

స్థౌల్యాన్ని తగ్గించడంలో వ్యాయామానికి సాటిరాగలది మరొకటి లేదని సుశ్రుతాచార్యుడు తన సంహిత చికిత్సాస్థానం 24వ అధ్యాయంలో నిష్కర్షగా చెప్పియున్నాడు. ఈ మాటను వైద్యులందరూ రోగులకు చెబుతూనే ఉంటారు. అయితే అక్కడే ఆయన చెప్పిన మరొక మాటను అటు చెప్పేవారూ, ఇటు వినేవారూ వదిలివేస్తున్నారు. ఎవరైనా తమ బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలి, అంతకు మించితే అదే హాని చేస్తుంది అన్నది ఆ రెండవ మాట. బరువు తగ్గాలనే తొందరలో జాగింగ్ మొదలుపెట్టి, పదిహేను రోజులు తిరగకుండానే మోకాలు పట్టుకొని నా వద్దకు వచ్చేవారిలో ఎక్కువమందికి ఈ రెండవ మాట తెలియదు.

నేను విశాఖపట్నంలో 26 ఏళ్ళుగా ఆయుర్వేద వైద్యవృత్తిలో ఉన్నాను. మా తండ్రిగారు మధుమేహంతో చాలాకాలం బాధపడి, 63వ ఏట ఎడమ పాదాన్ని పోగొట్టుకొన్నారు. ఆ పుండుకు రోజూ కట్టు కట్టినవాణ్ణి నేనే. నా 51వ ఏట రక్తపరీక్షలో పరగడుపు షుగరు 114 అని వచ్చింది. 100 నుండి 125 వరకు ఉంటే మధుమేహం వాకిట్లో నిలబడినట్లే. ఆ కాగితం చూడగానే నాకు నాన్నగారి పాదమే కళ్ళకు కట్టింది. అప్పటికి నా బరువు 83 కిలోలు, ఎత్తు 166 సెంటీమీటర్లు, నడుము చుట్టుకొలత 104 సెంటీమీటర్లు. మన భారతీయులలో మగవారికి నడుము 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమని నేటి వైద్యశాస్త్రం చెబుతున్నది. నాకు 14 సెంటీమీటర్లు అధికం. మరుసటి నెలనుండి నేనూ, నా భార్యా కలసి జాగింగ్ మొదలుపెట్టాము. 14 నెలలకు నా బరువు 74 కిలోలకు, నడుము 93కు, పరగడుపు షుగరు 97కు వచ్చాయి. ఇది చమత్కారమేమీ కాదు. ఎలా జరిగిందో, ఎందువల్ల జరిగిందో పాఠకులకు వివరించడమే నా ఉద్దేశం.

సగం బలమంటే ఎంత?

ఎవరి బలం వారిది కనుక సగం ఎంతో కొలిచేదెలా అన్న సందేహం సహజం. సుశ్రుతుడు దీనికి చక్కని గుర్తు చెప్పాడు. వ్యాయామం చేస్తున్నప్పుడు హృదయస్థానంలోని వాయువు నోటికి చేరితే, అనగా ముక్కుతో శ్వాస చాలక నోరు తెరవవలసి వస్తే, అది సగం బలం ఖర్చయినదానికి లక్షణం. నుదుట, ముక్కు మీద, చంకలలో చెమట పట్టడం, నోరు ఎండడం కూడా ఇందుకు గుర్తులని తరువాతి గ్రంథకర్తలు చేర్చారు.

ఇక ఆధునికుల మాట వినండి. 1960ల ఆరంభంలో న్యూజీలాండ్ దేశంలోని ఆక్లండ్ నగరంలో ఆర్థర్ లిడియార్డ్ అనే పరుగు శిక్షకుడు, నడివయస్కులను, గుండెజబ్బు నుండి కోలుకొన్నవారిని సైతం కూడగట్టి మెల్లని పరుగు అలవాటు చేశాడు. 1962లో అమెరికాలోని ఒరెగాన్ నుండి బిల్ బవర్మన్ అనే మరొక శిక్షకుడు అక్కడికి వెళ్ళి వారితో కలసి పరుగెత్తి వెనకబడిపోయాడు. డెబ్బై ఏళ్ళు పైబడిన ఒక వృద్ధుడు ఆయనకు తోడుగా ఆగవలసి వచ్చిందట! బవర్మన్ స్వదేశానికి తిరిగివెళ్ళి, ఒక హృద్రోగ వైద్యునితో కలసి 1967లో జాగింగ్ మీద పుస్తకం వెలువరించాడు. అమెరికాలో సామాన్య గృహస్థులు పరుగు బాట పట్టడానికి ఈ పుస్తకం ముఖ్య కారణాలలో ఒకటి. వారి ఉపదేశ సారం ఒక్కటే, పక్కవారితో మాట్లాడగలిగినంత వేగంతోనే పరుగెత్తాలి.

సుశ్రుతుని గుర్తుకూ దీనికీ భేదమెక్కడ? నా రోగులకు నేను ఇలా చెబుతాను. పక్కన వచ్చేవారితో రైతుబజారులో వంకాయల ధర గురించి మాట్లాడగలగాలి, కానీ పాట పాడబోతే ఊపిరి అందకూడదు. పాట కూడా వస్తున్నదంటే కాస్త వేగం పెంచవచ్చు. రెండు మాటలకే ఆయాసం వస్తున్నదంటే వెంటనే నడకలోకి దిగాలి. గడియారంలో గుండె లెక్కలు చూపే పరికరాలు ఇప్పుడు అందరి చేతులకూ వచ్చాయి. ఉంటే ఉండనివ్వండి, లేకపోయినా లోటు లేదు.

బలానికి మించిన వ్యాయామం వల్ల దప్పిక, దగ్గు, జ్వరం, వాంతి, ఆయాసం మొదలైనవి కలుగుతాయని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెబుతూ, అటువంటివానిని ఏనుగును ఈడ్చబోయి నశించే సింహంతో పోల్చాడు. సింహానికి బలం లేక కాదు.

మొదలుపెట్టే ముందు

నలభై ఏళ్ళు దాటినవారు, బి.పి. గాని షుగరు గాని ఉన్నవారు, పొగతాగేవారు, తల్లిదండ్రులలో ఎవరికైనా చిన్నవయసులో గుండెపోటు వచ్చినవారు వైద్యుని చూడకుండా పరుగు మొదలుపెట్టరాదు. అవసరమైతే ఆయన ఇ.సి.జి. తీయించమంటారు, ట్రెడ్‌మిల్ పరీక్ష వ్రాస్తారు. దీనికి బద్ధకించవద్దు. జేమ్స్ ఫిక్స్ అనే అమెరికన్ 1977లో పరుగు గురించి వ్రాసిన పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. లావుగా ఉండి, సిగరెట్లు విపరీతంగా తాగే ఆయన, పరుగు వల్ల సన్నబడి పొగ మానివేశాడు. 1984లో తన 52వ ఏట పరుగెత్తుతుండగానే గుండెపోటుతో మరణించాడు. ఆయన తండ్రి 43వ ఏటనే గుండెజబ్బుతో పోయాడు. పరుగు చంపిందని ఆనాడు పత్రికలు గోల చేశాయి. శవపరీక్షలో తేలినది వేరు. గుండె రక్తనాళాలు ఏనాటినుండో పూడిపోయి ఉన్నాయి. పరుగుతో వచ్చిన ఆరోగ్యం వంశపారంపర్యంగా వచ్చిన ముప్పును పూర్తిగా తుడిచివేయదు, దానిని పరీక్షతోనే తెలుసుకోవాలి.

ఇన్సులిన్ తీసుకొనేవారు, షుగరును బాగా దించే కొన్ని మాత్రలు వాడేవారు పరగడుపున పరుగెత్తితే షుగరు ఒక్కసారిగా పడిపోయి కళ్ళు తిరగవచ్చు. మోతాదు విషయం ముందుగా వైద్యునితో మాట్లాడాలి, జేబులో గ్లూకోజు గాని పంచదార గాని తప్పక ఉంచుకోవాలి. గర్భిణులు, బాలింతలు తమ వైద్యురాలి సలహా లేకుండా, జ్వరం ఉన్నవారు, రాత్రి భోజనం అరగక పుల్లని తేనుపులు వస్తున్నవారు ఆనాడు పరుగు జోలికి పోరాదు. అజీర్ణంలో వ్యాయామం కూడదన్నది మన శాస్త్రం పెట్టిన నియమమే.

అడుగు వేసే క్రమం

స్థూలకాయులు వ్యాయామాన్ని క్రమక్రమంగానే పెంచుకోవాలని చరకసంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో ఉన్నది. ఆ 'క్రమంగా' అన్నదే ఇక్కడ మందు. నడిచేటప్పుడు నేల మీద పడే భారం మన బరువుకు కొంచెం ఎక్కువగా ఉంటే, పరుగులో ప్రతి అడుగుకూ అది రెండు మూడు రెట్లవుతుంది. 83 కిలోల మనిషి ఒక్కొక్క అడుగుకు సుమారు 200 కిలోల భారాన్ని ఒంటికాలి మీద మోస్తున్నాడన్నమాట. గుండె, ఊపిరితిత్తులు నాలుగైదు వారాలలోనే కొత్త శ్రమకు అలవాటుపడతాయి. కండరాలను ఎముకకు కట్టిపడవేసే స్నాయువులు, ఎముకలు అలవాటుపడడానికి నెలలు పడుతుంది. మూడవ వారంలో 'ఆయాసం లేదు కదా, ఇంకొంచెం పరుగెత్తుదాం' అనిపించడం, సరిగ్గా అప్పుడే మడమో మోకాలో మొరాయించడం ఇందువల్లనే.

మేము ఆచరించిన క్రమం ఇది. మొదటి మూడు వారాలు నడక మాత్రమే. వారానికి ఐదు రోజులు, అరగంట, కాస్త చురుకుగా. నాలుగవ వారం నుండి వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, ఐదు నిమిషాల నడక తరువాత ఒక నిమిషం మెల్లని పరుగు, మూడు నిమిషాల నడక, మళ్ళీ ఒక నిమిషం పరుగు. ఇలా ఆరుసార్లు చేసి, చివర ఐదు నిమిషాలు నడిచి ముగించాలి. రెండేసి వారాలకు ఒకసారి పరుగును అర నిమిషమో, నిమిషమో పెంచుతూ, నడకను తగ్గిస్తూ పోవాలి. ఏ వారమైనా కష్టమనిపిస్తే అదే వారాన్ని మళ్ళీ చేయవచ్చు, ఎవరూ మార్కులు వేయరు. ఆగకుండా 20 నిమిషాలు పరుగెత్తడానికి నాకు ఆరు నెలలు పట్టింది. నా భార్యకు మోకాలిలో పాత నొప్పి ఉన్నందున ఆమె ఈనాటికీ రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక దగ్గరే ఉన్నది. ఆమె బి.పి. నాకంటే బాగా దిగింది! ఒళ్ళు మరీ భారంగా ఉన్నవారు, మోకాళ్ళు వాచినవారు నడకతోనే కొన్ని కిలోలు తగ్గి, అటుపిమ్మట పరుగు ఆలోచించడం మేలు.

అడుగులు చిన్నవిగా, చప్పుడు కాకుండా పడాలి. దబదబ శబ్దం వస్తున్నదంటే అడుగు పొడవు ఎక్కువైనట్లు. భుజాలు బిగించవద్దు, చూపు పది పదిహేను అడుగుల ముందుకు ఉండాలి.

ఆడవారి విషయం ఒకటి చెప్పాలి. చీరతో పరుగు ప్రమాదం. నా భార్య మొదటి నెల చుడీదారు వేసుకొని రోడ్డు మీదికి రావడానికే మొహమాటపడింది. ఎదురింటివారి వ్యాఖ్యానాలూ విన్నది. మూడవ నెలలో ఆ ఎదురింటి ఆవిడే బూట్లు ఎక్కడ కొన్నారని అడిగింది. తోడుంటే మొహమాటం సగమవుతుంది కనుక ఇద్దరు ముగ్గురు కలసి వెళ్ళండి.

నేల, బూట్లు

గుడ్డ బూట్లతో, చెప్పులతో పరుగెత్తరాదు. మడమ కింద మెత్తని దిండు ఉన్న పరుగు బూట్లు కొనాలి. సాయంత్రం వేళ పాదాలు కొంచెం ఉబ్బుతాయి కనుక అప్పుడు వెళ్ళి, పరుగుకు వాడే మేజోళ్ళతోనే తొడిగి చూసి, బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండేటట్లు తీసుకోవాలి. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన మంచివి కావు, కాలికి సుఖంగా ఉన్నవే మంచివి.

నేల విషయంలో సిమెంటు కంటే తారు, తారు కంటే గట్టిపడిన మట్టి నయం. పాఠశాల మైదానమో, కాలేజీ మైదానమో దొరికితే అంతకంటే కావలసినది లేదు. మా ఊరివారికి సముద్రపు ఇసుక మీద మోజు ఎక్కువ. పొడి ఇసుకలో మడమ దిగబడి పిక్కలు, మడమ వెనుక నరంలా ఉండే లావుపాటి స్నాయువు విపరీతంగా లాగబడతాయి. తడి ఇసుక గట్టిగానే ఉంటుంది గాని సముద్రం వైపు వాలి ఉంటుంది. ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడి చీలమండ, తుంటి నొప్పి చేస్తాయి. కొత్తవారు ఇసుక మీద నడవడంతో సరిపెట్టుకోవాలి.

కోస్తా ఊళ్ళలో ఇంకొక ఇబ్బంది ఉక్క. గాలిలో తేమ ఉన్నప్పుడు చెమట కారుతుందే గాని ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఏప్రిల్, మే నెలలలో సూర్యోదయానికి ముందే ముగించాలి, వేగం ఇంకా తగ్గించాలి. బలవంతులకు సైతం శీతకాలం, వసంతకాలమే వ్యాయామానికి అనుకూలమని, తక్కిన ఋతువులలో తగ్గించుకోవాలని వాగ్భటుడు అన్నది ఉత్తమాట కాదు.

పొయ్యి దగ్గర లెక్క

ఇప్పుడు అసలు సంగతి. పరుగులో ప్రతి కిలోమీటరుకూ మనిషి తన బరువు ఎన్ని కిలోలో సుమారు అన్ని కేలరీలు ఖర్చుచేస్తాడు. 83 కిలోల నేను మూడు కిలోమీటర్లు పరుగెత్తితే దాదాపు 250 కేలరీలు. కిలో కొవ్వులో ఉన్నవి సుమారు 7,700 కేలరీలు. వారానికి మూడు పరుగుల లెక్కన, వంటింట్లో ఏ మార్పూ లేకుంటే, ఒక్క కిలో తగ్గడానికి పది వారాలు పడుతుంది. ఈ నిజాన్ని ముందే చెప్పకపోవడం వల్లనే చాలామంది నెల తరువాత త్రాసెక్కి, నిరాశతో బూట్లు మూలకు విసరివేస్తున్నారు.

పైగా పరుగు ఆకలిని పెంచవచ్చు. స్థూలకాయునిలో మేదస్సు వాయువు మార్గాలను అడ్డగించగా, ఆ వాయువు కోష్ఠంలోనే తిరుగుతూ జఠరాగ్నిని రగిలిస్తుందని, అందుచేత అతనికి తిన్నది త్వరగా జీర్ణమై మళ్ళీ తినబుద్ధవుతుందని చరకుడు వర్ణించాడు. ఆయన చెప్పిన కారణాన్ని నేటివారు వేరు మాటలతో చెబుతారు గాని, ఆ ఆకలి మాత్రం నిజం. పార్కు గేటు బయట చెరకు రసం బళ్ళు, పునుగుల బాండీలు ఊరికే వెలిశాయా?

మా ఇంట్లో నలుగురం. నెలకు నాలుగు లీటర్ల నూనె వాడేవారము. దానిని రెండున్నర లీటర్లకు తగ్గించాము. అంటే మనిషికి రోజుకు 12 మిల్లీలీటర్లకు పైగా, అనగా సుమారు 100 కేలరీలు, వారానికి 700. మూడు పరుగుల ఖర్చుతో ఇది దాదాపు సమానం! రోజుకు మూడుసార్లు తాగే కాఫీలో రెండేసి చెంచాల పంచదార మానివేస్తే మరో 120 కేలరీలు. ఇందులో ఉపవాసం ఏదీ లేదు, ఎవరూ ఆకలితో పడుకోలేదు. పోపుకు నూనె గరిటెతో కాకుండా చెంచాతో కొలవడం, అప్పడాలను వేయించే బదులు కాల్చడం, పూరీలను పండుగలకు పరిమితం చేయడం నా భార్య చేసిన మార్పులు. ఈ విజయంలో పరుగుకంటే ఆమె చెంచాదే పెద్ద పాలు అని నా అభిప్రాయం.

తినవలసినవి కూడా చరకుడే చెప్పాడు. కడుపుకు బరువుగా ఉండి, ఒంటికి కొవ్వు చేర్చనివి కావాలి. యవలు, పెసలు, ఉలవలు, వెన్న తీసిన మజ్జిగ ఈ కోవలోనివి. రాత్రి అన్నం సగానికి తగ్గించి, ఆ స్థానంలో సొరకాయ, బీరకాయ, ఆకుకూరల కూర, పెసరపప్పు పెట్టుకోవాలి. ఉలవచారు మంచిదే, కానీ హోటళ్ళలో మీగడ పోసి ఇచ్చేది ఈ పథ్యం కిందకు రాదు.

తేనె నీళ్ళ గురించి తరచు అడుగుతారు. శాస్త్రంలో ఉన్నమాట నిజమే. అయితే వేడి నీళ్ళలో తేనె కలపడం మన శాస్త్రానికే విరుద్ధం, గోరువెచ్చదనం కూడా చల్లారిన తరువాతనే కలపాలి. చెంచా తేనెలో 20 కేలరీలు ఉంటాయి కనుక ఒక్క చెంచాకు మించరాదు, మధుమేహులకు అదీ వద్దు. మలబద్ధం ఉన్నవారు రాత్రి పడుకొనేముందు అర చెంచా త్రిఫల చూర్ణం వేడినీటితో తీసుకొంటే ఉదయం కోష్ఠం తేలికపడి పరుగు సుఖంగా సాగుతుంది. గర్భిణులకు, విరేచనాలు అవుతున్నవారికి ఇది పనికిరాదు. నెలలో పది కిలోలు దించుతామనే చూర్ణాల ప్రకటనలు చూసి మోసపోకండి. ఆ డబ్బుతో మంచి బూట్లు వస్తాయి.

పరుగు తరువాత

పరుగు ముగించి ఐదు నిమిషాలు నడవండి. ఆపైన పిక్కలను, తొడ వెనుక కండరాలను గోడ ఆసరాతో మెల్లగా సాగదీయాలి. చెమట ఆరినాక మంచినీళ్ళు గాని, చిటికెడు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ గాని తాగాలి. వ్యాయామం తరువాత ఒళ్ళు సుఖంగా పట్టించుకోవాలని, ఆపై ఉద్వర్తనం అనగా నలుగు, తరువాత స్నానం అని దినచర్యలో వాగ్భటుడు వరుస చెప్పాడు. పెసరపిండిలో కొంచెం త్రిఫల చూర్ణం కలిపి పొడిగానే కింది నుండి పైకి రుద్దుకొంటే చెమట జిడ్డు పోయి ఒళ్ళు తేలికగా ఉంటుంది. ఉద్వర్తనం మేదస్సును కరిగిస్తుందని శాస్త్రవచనం. నలుగు ఒక్కదానితోనే నడుము తగ్గిన రోగిని మాత్రం నేను చూడలేదు. వారానికి ఒకనాడు, పరుగు లేని రోజున, గోరువెచ్చని నువ్వులనూనె కాళ్ళకు మర్దించి వేడినీళ్ళ స్నానం చేస్తే కండరాల బిగువు సడలుతుంది.

కొత్తలో రెండు రోజులు పిక్కలు, తొడలు సలపడం సహజం, అది దానంతట అదే పోతుంది. నొప్పి ఒకేచోట వేలు పెట్టి చూపగలిగేటట్లు ఉంటే, లేదా రోజురోజుకూ పెరుగుతుంటే పరుగు ఆపాలి. మడమ బెణికి వాచినప్పుడు మొదటి రెండు రోజులు తైలమర్దనం, వేడి కాపడం చేయరాదు, గుడ్డలో చుట్టిన మంచుగడ్డతో చల్లని కాపడమే మంచిది. ఉదయం లేవగానే మడమలో పోటు పాతదైతే ఇసుక మూట వేడిచేసి కాపడం పెట్టవచ్చు. మోకాలి కింద ముందుభాగపు ఎముక వెంట నొప్పి వస్తే రెండు వారాలు నడకకు దిగిపోవాలి. పరుగులో గాని, తరువాత గాని గుండెలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, గుండెదడ, కళ్ళు చీకట్లు కమ్మడం కలిగితే అది తైలాలతో పోయేది కాదు, క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

పరుగు వల్ల కండరాలు రక్తంలోని చక్కెరను చురుకుగా పీల్చుకొనే గుణం ఒకటి రెండు రోజులు నిలిచి ఉంటుంది. త్రాసులో ముల్లు కదలకపోయినా నా షుగరు మూడవ నెలలోనే దిగడం ఇందువల్లనే. అందుచేత వరుసగా రెండు రోజులకు మించి వ్యవధి ఇవ్వకుండా ఉంటే మేలు. బరువును వారానికి ఒకసారి, నడుమును నెలకు ఒకసారి కొలిచి వ్రాసుకోండి. వర్షాకాలంలో, పెళ్ళిళ్ళ రోజులలో పరుగు తప్పుతుంది. అప్పుడు ఇంటి డాబా మీదనో వరండాలోనో అరగంట నడిస్తే చాలు. రెండు వారాలకు పైగా తప్పిపోతే ఆగినచోట నుండి కాక, నెల వెనుకటి క్రమం నుండి తిరిగి మొదలుపెట్టాలి.